ఆపరేటర్ సార్‌కు బస్సు నంబరు చెప్పిన యాప్

ముందుగా పాఠక మహాశయులకు రెండు చేతులూ జోడించి, వీలైతే సాష్టాంగపడి, క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ కింద రాయబోయేది లోకప్రసిద్ధుడైన మనిషి గురించి కాదు. ఆయన పేరు మీద వీధి లేదు, కూడలిలో విగ్రహం లేదు. రాస్తున్నవాడి సంగతి ఇంకా అధ్వానం. చూపు లేనివారి కోసం పదకొండు మొబైల్ యాప్‌లు కనిపెట్టి, అందులో ఒక్కటీ పూర్తి చేయని ఇంజనీరు వాడు. ఇంత తక్కువ సరుకుతో మీ అమూల్యమైన సమయాన్ని ఆక్రమిస్తున్నందుకు తెలుగుజాతి నన్ను మన్నించాలి. మన్నించకపోయినా చదవాలి. ఎందుకంటే పోయిన మంగళవారం తెల్లవారుజామున మా ఆపరేటర్ సార్ చనిపోయారు.

ఆ వార్త నాకు సగం నిద్రలో చేరింది. అమ్మ మంచం పక్కన నిలబడి "లేవురా, సార్ పోయిండు" అంది. నేను కళ్ళు తెరవకుండానే "ఏ బస్సుల" అని అడిగానట. అమ్మ వెళ్ళి వీధి తలుపు తెరిచింది. ఎదురింటి ఏడుపుకు మెలకువ వచ్చింది.

ఛత్రినాకలో మా ఇంటికి ఎదురిల్లు ఆయనది. ఐదేళ్ళ వయసులో జ్వరం వచ్చి చూపు పోయింది. పెద్దయ్యాక అఫ్జల్‌గంజ్ వైపు ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యారు. మా గల్లీలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. తలుపు తడితే "ఎవరది" అనేవారు కాదు. "నమస్తే, ఎవరు కావాలె" అనేవారు, ఇంట్లో ఉన్నది ఇద్దరే అయినా. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు నిమిషాలకోసారి ఆగి "లైన్ల ఉన్నవా" అని అడిగేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

"నవ్వకు బిడ్డా," అన్నారు ఒకసారి. "మనిషి నడుమలనే లేచి పోతడు. పోతున్న అని చెప్పడు. నేను అర్ధగంట కుర్చీకి ముచ్చట చెప్త. కుర్చీ గూడ మంచిగనే వింటది, గని చాయ్ తాపియ్యదు."

అలా పుట్టింది మా మొదటి యాప్. ఎదుటి మనిషి లేచి వెళ్ళిపోతే ఫోను చిన్నగా దగ్గుతుంది. దానికి నేను 'ఉపస్థితి' అని నామకరణం చేశాను. అప్పుడు బీటెక్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఆ వయసులో మనిషి యాప్ రాయడు, యాప్‌కు పేరు పెడతాడు.

సాయంత్రాలు ఆయన ఇంటి మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఎండ మెత్తబడి, గోడలు వెచ్చగా ఊపిరి తీస్తున్నట్టు ఉండే వేళ. మసీదులో అజాన్, గుడిలో గంట, పాల డబ్బాల చప్పుడు, ఏదో ఇంట్లో కుక్కర్ కూత. అవన్నీ ఆయన ఒళ్ళో వచ్చి కూర్చునేవి. ఆయన ఒక్కొక్కదాన్నీ తలూపి పలకరించేవారు. ఆ మెట్ల మీదే మా మిగతా యాప్‌లన్నీ పుట్టాయి. కొన్ని అక్కడే పోయాయి.

గదిలో బల్బు వెలుగుతోందో లేదో పాట పాడి చెప్పే యాప్ ఒకటి. పెద్దమ్మ, అంటే సార్ భార్య, చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు వచ్చిన చుట్టాలు దీపం ఆర్పకుండా పోయారు. "మూడు దినాలు ఆ బల్బు నా కోసమే ఎలిగిందట," అన్నారు సార్. "ఎంత మర్యాద దానికి. నేనొక్క మాట గూడ మాట్లాడలే." దానికి నేను 'దీపగానం' అని పేరు పెట్టాను.

చొక్కా రంగు చెప్పే యాప్ ఇంకొకటి. అది పుట్టకముందే పెద్దమ్మ అడ్డుకుంది.

"గది మాత్రం చెయ్యకు కొడుకా. నాకు కోపమొచ్చిన దినం ఆయనకు గులాబి అంగి తొడిగిచ్చి బయటికి తోల్త. నాకున్న ఆయుధం గదొక్కటే."

"ముప్పై ఏండ్ల సంది గులాబి తొడుగుతున్నదంటే చూడు, నేనెంత మంచోణ్ణో," అన్నారు సార్.

మందుల పట్టీలు గుర్తుపట్టే యాప్ కోసం నేను రెండు వారాలు తల బద్దలుకొట్టుకున్నాను. కెమెరా, మందుల పేర్లు, గడువు తేదీలు అన్నీ అందులో ఉన్నాయి. సార్ ఓపికగా అంతా విని, లోపలికి వెళ్ళి తన పట్టీలు తెచ్చారు. పొద్దుటి మందుకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి మందుకు రెండు. "దీనికి ఛార్జింగ్ గూడ పెట్టే పని లేదు," అన్నారు నా చేతిలో పెడుతూ. నా జీవితంలో నేను చూసిన అత్యుత్తమ సాఫ్ట్‌వేర్ అది.

ఇక ఆకాశం యాప్ ఉంది. అది నేనే. "ఇయ్యాల మబ్బు ఏ తీరున్నది" అని అడిగేవారు. పడమటి దిక్కున బర్రెల మంద మూసీకి దిగుతోందని చెప్పేవాణ్ణి. ఒక బర్రెకు తోక లేదని, ఇంకోటి వెనక్కి చూస్తోందని. ఆయన కాసేపు ఆ బర్రెలతో పాటు ఎటో నడిచి వెళ్ళేవారు. తిరిగి వచ్చాక మెల్లగా "నిన్న గూడ బర్రెలే చెప్పినవ్. అప్‌డేట్ చేసుకో" అనేవారు. మరునాటి నుంచి నేను నిజంగా ఆకాశం కేసి చూడటం మొదలుపెట్టాను. అంతకు ముందు పాతబస్తీ మీద అంత ఆకాశం ఉందని నాకు తెలియదు. కరెంటు తీగల మధ్య తెగిన పతంగులు వేలాడుతుంటాయని, పొద్దు కుంకేటప్పుడు వాటి కాగితాల్లోంచి వెలుతురు వస్తుందని ఆయనకు చెప్పవలసి వచ్చింది కాబట్టే తెలిసింది.

యాప్ ఎలా ఉండాలన్నదాని మీద ఆయనకు ఒకే సిద్ధాంతం ఉండేది.

"ఒక్కటే బొత్తాం. తెర మొత్తం గదే బొత్తాం. రెండోది పెట్టినవంటే అది నా కోసం కాదు, నీ సర్టిఫికెట్ కోసం."

నా దగ్గర అప్పటికే పద్నాలుగు బొత్తాలు ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సార్‌కు నిజంగా కావలసిన యాప్ ఒకటే. ప్రతి గురువారం ఆయన గడ్డం గీయించుకోవడానికి అఫ్జల్‌గంజ్ వెళ్ళాలి. ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ ఒకే సెలూన్, ఒకే భాయ్. రిటైరయ్యాక కూడా మార్చలేదు. పెద్దమ్మ ఇన్నాళ్ళూ బస్సులో తీసుకువెళ్ళేది. ఆమె మోకాళ్ళు మొరాయించాక ఆ ప్రయాణం ఆగిపోయింది.

"మన గల్లీలనే రెండు సెలూన్లున్నయ్ గద సార్," అన్నాను.

"నా ముఖం నేను చూసుకోలేను బిడ్డా. అందుకే దాన్ని ఎవరి చేతిల పెట్టాల్నో నేనే చూసుకోవాలె."

అఫ్జల్‌గంజ్‌లో దిగడానికి ఇబ్బంది లేదు, కండక్టర్ చెబుతాడు. స్టాపు నుంచి దుకాణం నాలుగడుగులు. తిరుగు బస్సు సెలూన్ భాయ్ చూసుకుంటాడు. చిక్కంతా మన ఛత్రినాక స్టాపులోనే. వచ్చిన బస్సు ఏదో తెలియాలి.

"ఎవర్నన్న అడిగితే చెప్పరా," అన్నాను.

"ఎందుకు చెప్పరు, మస్తు చెప్తరు. చెప్పి చెయ్యి పట్టుకుంటరు. పట్టుకోని ఎక్కిస్తరు. ఇంకోణ్ణి లేపి సీటు ఇప్పిస్తరు. బస్సులున్నోళ్ళంత అయ్యో అంటరు. నేను గడ్డం గీకిచ్చుకోనికె పోతున్న బిడ్డా, కాశీకి కాదు. ఒకసారి గిట్లనే ప్రేమతోని ఉప్పల్ బస్సు ఎక్కిచ్చిన్రు. ఆ ప్రేమకెల్లి బయటపడి ఇల్లు చేరెటాళ్ళకు మాపటేళ అయ్యింది."

గడ్డం తడుముకుంటూ అన్నారు. "వారంల ఒక్క దినం. నా చెయ్యి ఎవరూ పట్టుకోకుండ పోయి రావాలె. గంతే."

ఆయన నన్ను అడిగింది అదొక్కటే. నేను సరేనన్నాను. కాలేజీలో అదే నా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అయింది. బస్సు వస్తున్న చప్పుడు కాగానే ఫోను అటు తిప్పి తెర తాకితే, కెమెరా నంబరు చదివి గట్టిగా చెబుతుంది. కాలేజీలో గోడకు అంటించిన బస్సు ఫోటోను అది అద్భుతంగా చదివింది. లెక్చరర్లు మెచ్చుకున్నారు, మార్కులు వేశారు. ఛత్రినాక బస్సుకు మాత్రం ఆ ఫోటోతో చుట్టరికం లేదు. దాని నంబరు మీద దుమ్ము ఉంది, అద్దం మీద నిమ్మకాయల దండ ఉంది, పక్కన బస్సంత ప్రకటన ఉంది.

మొదటి పరీక్ష రోజు స్టాపు నిండా జనం. సార్ ఇస్త్రీ చొక్కాలో, తెల్లటి కర్రతో, పెళ్ళికొడుకులా నిలబడ్డారు. బస్సు వచ్చింది. సార్ తెర తాకారు. నా యాప్ మంగళకరమైన స్త్రీ కంఠంతో, స్టాపు మొత్తానికి వినబడేలా "మొలలకు ఆపరేషన్ లేకుండా శాశ్వత చికిత్స" అని ప్రకటించింది.

సార్ ఒక్క క్షణం ఆలోచించారు.

"ఇది అఫ్జల్‌గంజ్ మీదికెల్లి పోతదా?"

ఆ రోజు ఆయన వెళ్ళలేదు. నేను అవమానంతో ఇంటికి వచ్చాక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. "కొడుకా, వచ్చే గురువారం సంది ఒక్కణ్ణే పోతున్న అని గల్లీ గల్లీ చెప్పుకున్నడు. అడిగినోళ్ళకు అడగనోళ్ళకు గూడ. నీ మీద మస్తు భరోసా పెట్టుకున్నడు. గది పనిచేస్తదా, చెయ్యదా?"

"చేస్తది పెద్దమ్మా. ఫికర్ చెయ్యకు."

అబద్ధం చాలా సులువైన సాఫ్ట్‌వేర్. ఒక్కటే బొత్తాం.

వారం రోజుల్లో కెమెరాకు బుద్ధి చెప్పడం నా వల్ల కాలేదు. అందుకని కెమెరాను తీసేశాను. రెండో రూపం ఇలా పనిచేసేది. సార్ తెర తాకితే నా ఫోను వణుకుతుంది. రోడ్డుకు ఇవతల, స్టాపుకు ఏటవాలుగా, బస్సు తలుపు కూడా కనబడేచోట, ఇస్త్రీ బండి చాటున నిలబడిన నేను బస్సును చూసి నంబరు కొడతాను. సార్ ఫోను అదే స్త్రీ కంఠంతో దాన్ని పలుకుతుంది. తాకడానికీ పలకడానికీ మధ్య ఎంత వేగంగా కొట్టినా మూడు నాలుగు క్షణాలు పట్టేది. "మిషన్ జర ఆలోచిస్తది సార్" అని ముందే చెప్పి ఉంచాను.

ఆ గురువారం సార్ ఒక్కరే బస్సెక్కారు. చేత్తో రాడ్డును వెతుక్కుని, పట్టుకుని, మెట్టు మీద కాలు పెట్టి, ఎవరి చేయీ తగలకుండా లోపలికి వెళ్ళారు. కిటికీ దగ్గర కూర్చున్నారు. బస్సు కదులుతుంటే ఆయన ముఖం చూశాను. గాలి తగులుతుంటే నిద్రలో నవ్వే పసివాళ్ళ ముఖం అలా ఉంటుంది.

తర్వాత దాదాపు ఏడాది పాటు ప్రతి గురువారం నేను యాప్‌గా ఉద్యోగం చేశాను. జ్వరం వచ్చిన వారం మంకీ క్యాప్ పెట్టుకుని పనిచేశాను. ఒక కంపెనీవాళ్ళు గురువారం ఇంటర్వ్యూకు పిలిస్తే శుక్రవారం వస్తానన్నాను. వాళ్ళు శుక్రవారం కూడా రావద్దన్నారు. అమ్మకు అనుమానం వచ్చింది.

"గురువారం గురువారం తల దువ్వుకోని స్టాపుకు పోతున్నవ్. ఎవరురా ఆ పిల్ల?"

"పిల్ల కాదమ్మా, డెబ్బై ఏండ్లుంటయ్."

ఇస్త్రీ బండి అన్న కూడా వదల్లేదు. "నీ బస్సు ఎప్పుడు ఒస్తది తమ్మీ? ఏడాది సంది చూస్తున్న, నువ్వు ఒక్కటి గూడ ఎక్కవ్."

రోజులు గడిచేకొద్దీ నాకు కళాకారుడి పొగరు పెరిగింది. నంబరుతో పాటు "సీట్లు ఖాళీ ఉన్నాయి" అని కొట్టేవాణ్ణి. ఒకసారి "కండక్టర్ కోపంగా ఉన్నాడు, చిల్లర ఇవ్వండి" అని కూడా కొట్టాను. ఆ సాయంత్రం మెట్ల మీద సార్ మెచ్చుకున్నారు. "చానా తెలివైందిరా నీ మిషన్. కండక్టర్ మనసు గూడ చదువుతున్నది." నేను వినయంగా తల దించుకున్నాను. ఆయనకు కనబడదని తెలిసినా దించుకున్నాను.

ఆ రోజుల్లో నాకు ఒక బాధ ఉండేది. ఎవరి చేయీ లేకుండా వెళ్ళాలన్నదే ఆయన కోరిక. ఆయన అలాగే వెళ్ళాననుకుంటున్నారు. నేను ఆయన ఆనందానికి అడుగున దొంగలా కూర్చున్నాను. నిజం చెబితే ఆ గురువారాలన్నీ ఒక్కసారిగా ఉత్తవైపోతాయని భయం.

ఆషాఢంలో ఒక గురువారం వాన పట్టుకుంది. గల్లీలో బోనాల వేపకొమ్మలు, పసుపునీళ్ళు, దూరంగా డప్పులు. వానలో అన్నీ కలలోవిలా కరుగుతున్నాయి. ఇస్త్రీ బండి రాలేదు. నేను రోడ్డు పక్కన నిలువునా తడుస్తూ, ఫోనును చొక్కా లోపల దాచుకుని నిలబడ్డాను. సార్ అవతల స్టాపు రేకు కింద ఉన్నారు. నా ఫోను మోగింది. వణకడం కాదు, మోగింది.

"నమస్తే. ఎక్కడున్నవ్?" సార్ గొంతు.

"ఇంట్లనే సార్."

"అట్లనా. మీ ఇంట్ల వాన మంచిగ పడుతున్నట్టుంది."

అప్పుడే ఒక లారీ పొడుగ్గా హారన్ కొట్టుకుంటూ మా ఇద్దరి మధ్య నుంచి వెళ్ళింది.

"లారీలు గూడ తిరుగుతున్నయ్ మీ ఇంట్ల," అన్నారు సార్. "నాకు ఈ చెవుల ఒకసారి, ఫోన్ల ఒకసారి వినబడ్డది. జర లోపటికి జరుగు. గుద్దుతది."

"సార్," అన్నాను. "ఎప్పటిసంది తెలుసు?"

"మొదటి వారం సంది. మిషన్ ఎప్పుడైన ఒక్క తీరుగ జవాబిస్తది. నీది ఒకసారి జల్ది, ఒకసారి ఆలస్యం. ఒకరోజు అయితే తుమ్మి కొట్టినట్టు ఒచ్చింది."

"మరి చెప్పకపోతిరేంది?"

వాన చప్పుడు రెండు వైపుల నుంచీ కలిసి వచ్చింది. ఆ చప్పుడులోంచే ఆయన అన్నారు. "ముప్పై ఏండ్లు నేను లైన్ కలిపిన. అటోళ్ళు ఇటోళ్ళు ఫోన్ కలిసింది అన్నరు గని, నువ్వు కలిపినవ్ అని ఒక్కడు అనలే. నాకు బాధ కాలే. నా పని గదే అనుకున్న. నీకెందుకు గింత రంది?"

"మీరు ఒక్కరే పోవాలన్నరు గద సార్."

"నువ్వు రోడ్డు ఇవతలికి వొచ్చినవా? చెయ్యి పట్టుకున్నవా? లేదు గద. గా రోడ్డు ఎడల్పు జాగ నాకు చాలు." తర్వాత గొంతు మార్చి, "బస్సు సప్పుడైతున్నది. ఏ నంబరో చెప్పు. ఫోన్ల కాదు, నీ మిషన్ల కొట్టు. నాకు ఆమె గొంతు అలవాటయ్యింది" అన్నారు.

తడిసిన వేళ్ళతో కొట్టాను. ఆమె చెప్పింది. సార్ ఎక్కారు.

ఆ తర్వాత కూడా మేమిద్దరం ఆ ఏర్పాటును అలాగే కొనసాగించాం. పెద్దమ్మకు చెప్పలేదు. నిజమైన యాప్ చేస్తానని నేను అంటూనే ఉన్నాను. ఆయన సరేనంటూనే ఉన్నారు. మరుసటి ఎండాకాలం వచ్చేసరికి ఆయన నడక చిన్నదైంది. గుండె బలహీనమైందని డాక్టరు చెప్పారట. అయినా గురువారం ఆగలేదు.

పోయిన మంగళవారం ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. గడ్డం సన్నగా, తెల్లగా మొలిచి ఉంది, ఐదు రోజుల కిందట గీయించుకున్నది. పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి ఒకే మాట చెప్పింది. "ఈ బిడ్డ చేసిన యాపే ఆయనను ఒక్కణ్ణి బస్సు ఎక్కిచ్చింది. రెక్కలు ఇచ్చిండు." మొఘల్‌పురాలోని తన ఇంటి నుంచి వచ్చిన అఫ్జల్‌గంజ్ సెలూన్ భాయ్ నా భుజం మీద చేయి వేశాడు. "మా తమ్మునికి గూడ చూపు లేదు బేటా. ఆ యాప్ నా ఫోనులకు పంపు. దువా చేస్త నీకు."

నేను "మీ తమ్ముడు ఏ స్టాపుల ఎక్కుతడు భాయ్, ఏ దినం?" అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. యాప్‌కు దినంతో ఏం పని అని అనుకుని ఉంటాడు. ఆయనకు జవాబు చెప్పలేకే ఇదంతా రాస్తున్నాను. పంపడానికి నా దగ్గర ఏమీ లేదు భాయ్. ఉన్నదేమిటో చెబుతాను.

అది ఆయన ఆఖరి గురువారం. ఎండ తెల్లగా, రోడ్డు మీద నీళ్ళలా ఆడుతోంది. ఒకదాని వెనక ఒకటి రెండు బస్సులు వచ్చాయి. సార్ తెర తాకారు. నా ఫోను వణకలేదు. సిగ్నల్ లేదు. ఆయన బొటనవేలు మళ్ళీ తెర మీద పడటం, ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం, మళ్ళీ తాకడం ఇక్కడి నుంచి కనబడుతోంది. మొదటి బస్సు కదలబోతోంది. పక్కనున్న ఇద్దరు మనుషులు ప్రేమతో ఆయన మోచేతుల వైపు చేతులు చాపుతున్నారు.

నేను ఇస్త్రీ బండి చాటు నుంచి బయటికి వచ్చి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, రోడ్డు అవతలికి అరిచాను.

"సార్, ఎనక బస్సు. ఎనక దాంట్ల ఎక్కుండ్రి."

స్టాపు మొత్తం నా వైపు తిరిగింది. సార్ తిరగలేదు. మోచేతులు మెల్లగా విడిపించుకుని, కర్రతో నాలుగడుగులు కొలుచుకుంటూ వెనకకు నడిచి, రాడ్డు పట్టుకుని ఎక్కారు. చూపు లేనివారి కోసం నేను నిజంగా చేసిన పని ఇదొక్కటే. బస్సు చూసి, రోడ్డుకు ఇవతలే నిలబడి, నోటితో చెప్పాను. ఆయన నా వైపు కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి బయట పెట్టారు. ఊపలేదు, ఊరికే పెట్టారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి ఎండలో అలాగే ఉంది.